అరుదైన అలంకార చెట్ల టిష్యూ కల్చర్: హైదరాబాద్‌లో చేసేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

చెట్టు కొమ్మ చిన్న ముక్కను సీసాలో, పోషకాల మీద, క్రిములు లేకుండా పెంచి ఎన్నో మొక్కలు చేయడమే టిష్యూ కల్చర్. ఆ మాట అనగానే అందరూ ముందు అడిగేది హార్మోన్ మోతాదు. చెట్ల విషయంలో మొక్కలు ఎక్కువగా పోయేది అక్కడ కాదు. కొమ్మను శుభ్రంగా సీసాలోకి దించేటప్పుడు కొన్ని పోతాయి, సీసాలోంచి మట్టిలోకి తెచ్చేటప్పుడు ఇంకా ఎక్కువ పోతాయి. మధ్యలో పిలకలు పెంచడం వాటితో పోలిస్తే తేలిక. అందుకే ఇక్కడ ఆ రెండు చివర్ల గురించే ఎక్కువ రాశాం.

ఏ అరుదైన చెట్టుకైనా టిష్యూ కల్చర్ చేయాల్సిందేనా?

అక్కర్లేదు. విత్తనంతోనో కొమ్మతోనో వచ్చే చెట్టుకు ఇంత శ్రమ దండగ. నాగమల్లి తాజా విత్తనంతో బాగా మొలుస్తుంది. గోల్కొండ నయా ఖిల్లాలో 'హతియాన్ కా ఝాడ్' అని పిలిచే బావోబాబ్ జాతి విత్తనానికి పెంకు మందం. ఆ పెంకును కాస్త అరగదీసి నానబెడితే చాలు. దేవగన్నేరు కొమ్మ విరిచి వారం ఆరబెట్టి గుచ్చితే నాటుకుంటుంది.

మూడు సందర్భాల్లో మాత్రం టిష్యూ కల్చర్‌కు అర్థం ఉంది. ఒకటి, విత్తనం దాదాపు పట్టని చెట్టు. బర్మా నుంచి వచ్చిన అమ్‌హెర్స్టియా ఇలాంటిదే. దాన్ని గాలి అంటుతో పెంచుతారు, ఒక కొమ్మకు ఒక్క మొక్కే వస్తుంది. రెండు, పూల రంగో ఆకారమో నచ్చి ఎంచుకున్న ఒకే ఒక్క చెట్టు. దాని విత్తనాల నుంచి తల్లి లక్షణాలే వస్తాయన్న భరోసా లేదు. మూడు, అంటు కట్టడానికి కొమ్మలు మరీ తక్కువగా ఉన్న చెట్టు.

ఒక మాట. నర్సరీలో 'అశోక' అని అమ్మే నిటారు చెట్టు చాలాసార్లు నరమామిడి అయి ఉంటుంది. నారింజ ఎరుపు పూగుత్తులు పూసే అసలు అశోకం వేరు. దాని విత్తనం త్వరగా జీవం కోల్పోతుంది కాబట్టి రాలిన వెంటనే నాటాలి. ఏడాది కల్చర్ చేశాక చెట్టు వేరని తేలితే ఎవరూ ఏమీ చేయలేరు. పూలు చూసిన చెట్టు నుంచే కొమ్మ కోయండి.

వందేళ్ళ చెట్టు నుంచి కల్చర్ వస్తుందా?

వస్తుంది, కానీ చెట్టులో ఎక్కడి కొమ్మ తీశారన్నదే అసలు విషయం. పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ 1980లోనే ముదురు టేకు చెట్ల నుంచి మొక్కలు తెచ్చి చూపింది. అయితే పైన పూలు పూసే కొమ్మలు ముదురు స్వభావంలో ఉంటాయి. వాటి కణుపులు సీసాలో చిగురేసినా మెల్లగా పెరుగుతాయి, వేళ్ళు వేయడానికి మొరాయిస్తాయి. అదే చెట్టు మొదట్లో, నేలకు దగ్గరగా, కోసిన మోడు మీద వచ్చే చిగుళ్ళలో లేత స్వభావం ఇంకా మిగిలి ఉంటుంది. అవి దొరికితే వాటినే వాడండి.

దొరక్కపోతే రెండు దారులున్నాయి. వేలెడు లావున్న కొమ్మను 30 నుంచి 40 సెం.మీ. ముక్కలుగా కోసి, తడి ఇసుకలో నిలబెట్టి నీడలో ఉంచితే నిద్రాణ మొగ్గలు లేస్తాయి. మట్టిలో, ఆరుబయట పెరిగిన చిగురు కన్నా ఇవి శుభ్రంగానూ ఉంటాయి. లేదా ముదురు కొమ్మను అదే జాతి లేత మొలకపై అంటుకట్టి, అలా రెండు మూడుసార్లు తిరిగి అంటుకట్టాక వచ్చే చిగురు తీసుకోండి. ఏడాది ఆలస్యమవుతుంది. కానీ ఆ ఏడాది వేళ్ళు వేయించే దశలో తిరిగొస్తుంది.

కొమ్మ ఎప్పుడు కోయాలి? ఎంత ముక్క?

హైదరాబాద్‌లో ఫిబ్రవరి, మార్చి. చాలా చెట్లు అప్పుడే కొత్త చిగురు వేస్తాయి, గాలి పొడిగా ఉంటుంది. వానాకాలంలో కోసిన కొమ్మ మీద బూజు బీజాలు ఎంత ఎక్కువంటే, ఎంత కడిగినా సీసాలో తెల్లటి దూది తేలుతుంది.

తల్లి మొక్క కుండీలో ఉంటే మూడు వారాల ముందే తయారీ మొదలుపెట్టండి. పైకప్పు కింద పెట్టి, ఆకుల మీద నీరు పడకుండా మొదట్లోనే పోస్తూ, వారానికోసారి కార్బెండజిమ్ (బూజు మందు) లీటరు నీటికి 1 గ్రాము చొప్పున పిచికారీ చేయండి. స్టెరిలైజేషన్‌లో, అంటే ముక్క మీది క్రిములను చంపడంలో, ఏ రసాయనమూ ఈ మూడు వారాలంత మేలు చేయదు.

కొత్త చిగురులో మరీ లేత కొన, మరీ గట్టిపడ్డ మొదలు వదిలేసి, మధ్యలో వంచితే వంగే భాగం తీసుకోండి. ఆకులు తీసేసి కాడ కొద్దిగా ఉంచండి. ఒక కణుపు ఉండేలా 1.5 నుంచి 2 సెం.మీ. ముక్కలు చాలు. మొదటిసారి కనీసం 40 ముక్కలతో మొదలుపెట్టండి. పది ముక్కలు పెట్టి పదీ పోయాక ఈ చెట్టుకు రాదు అనుకోవడం మామూలుగా జరిగే తప్పు.

స్టెరిలైజేషన్ వరస చెప్పండి.

1. పారే నల్లా నీటి కింద 30 నిమిషాలు.
2. లీటరు నీటిలో రెండు మూడు చుక్కల ట్వీన్-20 లేదా పాత్రలు తోమే లిక్విడ్ వేసి 10 నిమిషాలు కదుపుతూ ఉంచి, నురగ పోయేదాకా కడగండి.
3. కార్బెండజిమ్ లీటరుకు 2 గ్రాములు కలిపిన నీటిలో 30 నిమిషాలు.
4. ఇక్కడి నుంచి పని లామినార్‌లోనే (వడకట్టిన శుభ్రమైన గాలి వీచే పెట్టె; అది లేకపోతే కింద చెప్పిన డబ్బాలో). 70 శాతం ఆల్కహాల్‌లో 30 నుంచి 45 సెకన్లు. నిమిషం దాటితే లేత కణుపు మాడిపోతుంది.
5. 1 శాతం సోడియం హైపోక్లోరైట్‌లో 8 నుంచి 12 నిమిషాలు. దుకాణంలో దొరికేది 4 శాతమైతే ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు.
6. స్టెరైల్ నీటిలో మూడు నాలుగుసార్లు కడిగి, రసాయనం తగిలి తెల్లబడ్డ రెండు చివర్లను 2 మి.మీ. మేర కోసేసి మీడియాలో (సీసాలోని పోషకాల గడ్డలో) గుచ్చండి.

హైపోక్లోరైట్ వేడికి బలం కోల్పోతుంది. మే నెలంతా గోడౌన్‌లో ఉన్న డబ్బా మీద 4 శాతం అని రాసున్నా లోపల అంత ఉండదు. తయారీ తేదీ చూసి కొనండి, ఫ్రిజ్‌లో పెట్టండి. ల్యాబుల్లో 0.1 శాతం మెర్క్యూరిక్ క్లోరైడ్ వాడతారు, బాగా పనిచేస్తుంది కూడా. కానీ అది పాదరసం. ఇంట్లో వాడొద్దు. ల్యాబులో వాడినా కడిగిన నీళ్ళు సింకులో పోయకూడదు.

ఆల్కహాల్ చేతులకు రాసుకుని అవి ఆరకుండానే పనిముట్లు కాల్చే స్పిరిట్ దీపం దగ్గరికి పోవద్దు. ఈ పనిలో జరిగే కాలిన గాయాలు చాలావరకు ఇలా జరిగేవే.

ఎంత చేసినా కంటామినేషన్ (సీసాలో బూజు, బ్యాక్టీరియా) వస్తోంది. తప్పు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

సీసాలో ఎక్కడ మొదలైందో చూడండి, అదే చెబుతుంది.

ముక్క మీదే, కణుపు సందులోంచి మూడు నాలుగు రోజుల్లో బూజు లేస్తే స్టెరిలైజేషన్ సరిపోలేదు. ముక్కకు దూరంగా మీడియా మీద అక్కడక్కడా చుక్కలుగా వస్తే గాలి లేదా చెయ్యి, అంటే లామినార్ ఫిల్టర్, ఫ్యాన్, మీ మాటల తుంపర. అన్ని సీసాల్లోనూ ఒకేలా వస్తే మీడియా సరిగ్గా ఉడకలేదు. పక్కపక్క సీసాల్లో వరసగా, మూత అంచు నుంచి గీతలాగా బూజు పాకితే పేలు లాంటి నల్లులు, అంటే మైట్లు తిరుగుతున్నాయి. ఆ అర మొత్తం ఖాళీ చేయాల్సిందే.

అన్నిటికన్నా మోసపూరితమైనది ముక్క అడుగున పాలపొర. రెండు మూడు వారాల తర్వాత, ఒక్కోసారి రెండో సబ్‌కల్చర్‌లో (పిలకలను విడదీసి కొత్త మీడియాలోకి మార్చే విడతలో) బయటపడుతుంది. ఆ బ్యాక్టీరియా చెట్టు లోపలే ఉంటుంది, పైన కడిగితే పోదు. అలాంటి సీసాలో చిగురు వేగంగా పొడుగు పెరిగితే, దాని కొన 2-3 మి.మీ. మాత్రమే కోసి కొత్త మీడియాలో పెట్టి చూడొచ్చు. యాంటీబయోటిక్ కలిపితే బ్యాక్టీరియా తాత్కాలికంగా అణుగుతుంది, చావడం అరుదు. ఆపగానే మళ్ళీ లేస్తుంది.

బూజు పట్టిన సీసా మూత తెరవకండి. మూతతోనే కుక్కర్‌లో పెట్టి ఉడికించి, తర్వాత కడగండి.

ముక్క పెట్టిన రెండో రోజుకే మీడియా కాఫీ రంగుకు మారుతోంది.

కోసిన చోట ఫినాల్స్ అనే రసాయనాలు ఊరి, గాలి తగిలి నల్లబడుతున్నాయి. ముదురు చెట్లలో ఇది తప్పదు. మొదటి వారం 24 నుంచి 48 గంటలకోసారి ముక్కను కొత్త మీడియాలోకి, లేదా అదే సీసాలో మరో మూలకు మార్చండి. కోసిన వెంటనే లీటరుకు ఆస్కార్బిక్ ఆమ్లం 100 మి.గ్రా., సిట్రిక్ ఆమ్లం 50 మి.గ్రా. కలిపిన నీటిలో వేయండి. మొదటి ఐదారు రోజులు చీకట్లో ఉంచండి.

యాక్టివేటెడ్ చార్‌కోల్ లీటరుకు 1 నుంచి 2 గ్రాములు వేస్తే ఫినాల్స్‌ను పీల్చేస్తుంది. కానీ అది హార్మోన్లను కూడా పీల్చేస్తుంది. చార్‌కోల్ వేసి, బీఏపీ (పిలకలు వేయించే హార్మోన్) పనిచేయట్లేదని మోతాదు పెంచుకుంటూ పోయేవాళ్ళున్నారు. మొదటి విడతకు వాడి ఆపేయండి.

ఎంఎస్ మీడియానా, డబ్ల్యూపీఎమా?

ఎంఎస్ అంటే 1962లో మురాషిగే, స్కూగ్ పొగాకు కణజాలం కోసం తయారుచేసినది. అందులో లీటరుకు అమ్మోనియం నైట్రేట్ 1650 మి.గ్రా. ఉంటుంది. లాయిడ్, మెక్‌కౌన్ 1980లో చెట్లు, పొదల కోసం రూపొందించిన వుడీ ప్లాంట్ మీడియంలో అదే లవణం 400 మి.గ్రా. మాత్రమే. చాలా చెట్ల జాతులు ఎంఎస్ ఉప్పదనానికి ఆకు కొసలు మాడ్చుకుంటాయి. తెలియని చెట్టయితే మూడు రకాలు పక్కపక్కనే పెట్టండి: పూర్తి ఎంఎస్, సగం ఎంఎస్, డబ్ల్యూపీఎం. ఒక్కోదాంట్లో పది ముక్కలు. ఆరు వారాల్లో చెట్టే జవాబు చెబుతుంది.

లీటరు డబ్ల్యూపీఎం కలపడం ఇలా. 800 మి.లీ. డిస్టిల్డ్ నీటిలో పొడి (చక్కెర, గడ్డకట్టించే అగర్ లేని రకమైతే సుమారు 2.4 గ్రా.; అదే రకం ఎంఎస్ అయితే సుమారు 4.4 గ్రా.; ప్యాకెట్ మీద చూసుకోండి), చక్కెర 20 గ్రా. (ఎంఎస్‌కు 30 గ్రా.) వేసి కరిగించండి. కిరాణా చక్కెర పనికొస్తుంది, బెల్లం పనికిరాదు. బీఏపీ 1 మి.గ్రా. కలపండి. ఒక్క మి.గ్రా. తూచలేరు కాబట్టి ముందే స్టాక్ చేసుకోవాలి: 100 మి.గ్రా. బీఏపీని కొన్ని చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో కరిగించి 100 మి.లీ.కు నింపితే 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉంటుంది. ఇప్పుడు నీరు లీటరుకు నింపి, పీహెచ్ 5.7కు తెచ్చి, 7 గ్రా. అగర్ వేసి కరిగేదాకా వేడిచేసి, సీసాకు 30 నుంచి 40 మి.లీ. పోయండి.

పీహెచ్ 5కు తగ్గితే అగర్ గడ్డకట్టదు, 6 దాటితే రాయి అవుతుంది. గడ్డకట్టని మీడియాకు అగర్ కంపెనీని తిట్టేముందు పీహెచ్ చూడండి.

నీరు మాత్రం డిస్టిల్డ్‌దే. నగరంలో బోరు నీరు చాలాచోట్ల ఉప్పుమయం. ఇంట్లో ఆర్‌ఓ యంత్రాలు రుచి కోసం కొంత ముడి నీటిని కలిపి వదులుతాయి, అది కూడా వద్దు.

ఆటోక్లేవ్ లేదు. ఇంట్లో కుక్కర్ సరిపోతుందా?

సరిపోతుంది. ప్రమాణం 15 పౌండ్ల పీడనం, 121 డిగ్రీలు, 20 నిమిషాలు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది కాబట్టి అదే పీడనానికి ఇక్కడ సుమారు ఒక డిగ్రీ తక్కువ వస్తుంది. 25 నిమిషాలు ఉంచండి.

అడుగున రెండంగుళాల నీళ్ళు, పైన జాలీ స్టాండు, మూతలు అరచుట్టు వదులుగా ఉన్న సీసాలు. ముందు వెయిట్ పెట్టకుండా ఐదు నిమిషాలు ఆవిరి పోనివ్వండి. లోపల గాలి మిగిలితే పీడనం వచ్చినా వేడి రాదు. తర్వాత వెయిట్ పెట్టి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి, సమయం అప్పటి నుంచి లెక్కించండి. ఆవిరి దానంతటదే దిగాలి. తొందరపడి వెయిట్ ఎత్తితే మీడియా పొంగి మూతల్లోకి ఎక్కుతుంది, ఆ జిగురే తర్వాత బూజుకు దారి. చల్లారాక నాలుగైదు రోజులు అలాగే పెట్టి, శుభ్రంగా ఉన్నవాటినే వాడండి. గంటసేపు ఉడికిస్తే ఇంకా శుభ్రం అనుకోవద్దు. చక్కెర మాడుతుంది, పీహెచ్ పడిపోతుంది.

గాజు సీసాలు, మూతలు బేగంబజార్ హోల్‌సేల్‌లో చూడండి. మూత వేడికి వంగని రకమో కాదో ఒకటి కొని ఉడికించి చూశాకే వంద కొనండి.

లామినార్ తప్పనిసరా?

నేర్చుకునేటప్పుడు కాదు. ముందు రెండు చేతులు దూర్చే రంధ్రాలున్న పారదర్శక ప్లాస్టిక్ డబ్బా, లోపల ఆల్కహాల్ పిచికారీ, ఫ్యాన్, ఏసీ ఆపిన గది చాలు. ఈ డబ్బాలో మాత్రం దీపం వెలిగించొద్దు. నెలకు రెండు వందల సీసాలు దాటితే లామినార్ కొనక తప్పదు.

హార్మోన్ ఎంత? పిలకలు ఎన్ని వస్తాయి?

బీఏపీ లీటరుకు 0.5 నుంచి 2 మి.గ్రా. మధ్యే చాలా చెట్ల జాతులు నడుస్తాయి. 0.5, 1, 2 మూడూ పరీక్షించి, ఆరోగ్యంగా పొడుగు పెరిగినదాన్ని ఎంచుకోండి, ఎక్కువ పిలకలేసినదాన్ని కాదు. 3, 4 మి.గ్రా. వేస్తే గుత్తుగా మరుగుజ్జు పిలకలు వస్తాయి. ఫొటోకు బాగుంటాయి, వేళ్ళు వేయవు. థిడియాజురాన్ అనే హార్మోన్ ఇంకా ఘాటు. లీటరుకు 0.1 మి.గ్రా. లోపే, ఒక్క విడతకే.

నెలకోసారి సబ్‌కల్చర్. లెక్క కాగితం మీద ఊరిస్తుంది: పది శుభ్రమైన పిలకలు నెలకు మూడింతలైతే ఆరు నెలలకు 7,290. చెట్లలో రెండింతలు నిలబెట్టుకున్నా మంచి పనే, అప్పుడు 640. నర్సరీకి మాటిచ్చేముందు రెండో లెక్క వేసుకోండి.

పది విడతలు దాటాక పాత లైన్ ఆపి, తల్లి చెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టడం మంచిది. పొడవుగా సాగే కొద్దీ తేడా మొక్కలు వచ్చే అవకాశం పెరుగుతుంది. గడ్డలా పెరిగే క్యాలస్ నుంచి లేచిన పిలకల్లో ఈ ముప్పు ఎక్కువ. కణుపు మొగ్గ నుంచి వచ్చినవే ఉంచుకోండి.

ఆకులు గాజులా పారదర్శకంగా, నీరు పట్టినట్టు అవుతున్నాయి.

దీన్ని విట్రిఫికేషన్ అంటారు. సీసాలో తేమ ఎక్కువ, బీఏపీ ఎక్కువ, అగర్ తక్కువ, గది వేడి. అగర్ 8 గ్రాములకు పెంచండి, బీఏపీ సగం చేయండి, గాలి ఆడే ఫిల్టర్ మూతలు వాడండి. ఇలా అయిన మొక్క మట్టిలో బతకదు. జాలిపడి ఉంచుకోవద్దు.

చిగురు కొన మాత్రమే నల్లబడి ఎండితే అది వేరే సమస్య. మూసిన సీసాలో ఆకు నుంచి నీరు ఆవిరి కాక కాల్షియం కొనదాకా ఎక్కదు. ఇక్కడా మొదటి మందు గాలి ఆడే మూతే.

రెండు రంగుల ఆకుల చెట్టును ఇలా పెంచొచ్చా?

జాగ్రత్త. చాలా రెండు రంగుల ఆకులు కైమెరాలు, అంటే పచ్చని కణాలు, రంగులేని కణాలు పొరలుగా అమరినవి. క్యాలస్ నుంచి పిలక లేస్తే ఆ పొరలు విడిపోయి పూర్తి పచ్చవి, పూర్తి తెల్లవి వస్తాయి. తెల్లవి సీసా చక్కెర మీద బతికి బయట చస్తాయి. కణుపు మొగ్గలతో, తక్కువ బీఏపీతో చేసి, ప్రతి విడతలో తేడా పిలకలు తీసేయాలి. నిజానికి వీటికి అంటు కట్టడమే మేలు.

వేళ్ళు రావట్లేదు.

ముందు చివరి విడత బీఏపీని 0.2 మి.గ్రా.కు తగ్గించి పిలకను 3 సెం.మీ. పొడవు పెరగనివ్వండి. తర్వాత సగం బలం మీడియా, చక్కెర 15 గ్రా., ఐబీఏ (వేళ్ళు వేయించే హార్మోన్) లీటరుకు 1 నుంచి 2 మి.గ్రా., మొదటి వారం చీకటి. అడుగున గడ్డ కట్టి దాంట్లోంచి వేరు వస్తే ఐబీఏ ఎక్కువైంది. ఆ వేరు కాండంతో సరిగ్గా కలవదు, బయట పెట్టగానే మొక్క వాడుతుంది.

మేము ఎక్కువ ఇష్టపడేది సీసా బయటే వేరు వేయించడం. పిలక అడుగును 1,000 పీపీఎం ఐబీఏలో ఐదు సెకన్లు ముంచి నేరుగా తడి కోకోపీట్‌లో గుచ్చి మూత పెట్టడమే. అగర్‌లో వచ్చే వేళ్ళకు నూగు తక్కువ. కోకోపీట్‌లో వచ్చినవి మొదటి రోజు నుంచే నీరు తాగుతాయి. ఒక విడత మీడియా ఖర్చూ మిగులుతుంది.

హార్డెనింగ్‌లో (సీసా మొక్కను బయటి గాలికి అలవాటు చేసే దశలో) సగానికి పైగా చచ్చిపోతున్నాయి. ఎందుకు?

సీసాలో పెరిగిన ఆకుకు మైనపు పూత పల్చన, రంధ్రాలు మూసుకోవడం రాదు. ఏప్రిల్ మధ్యాహ్నం 40 డిగ్రీల పొడి గాలిలో అది గంటలో వడలుతుంది. హైదరాబాద్‌లో మొక్కలు బయటికి తీయాల్సింది జూలై నుంచి సెప్టెంబరు వరకు. అందుకు తగ్గట్టు వెనక్కి లెక్కేసుకోండి. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన కల్చర్ నుంచి మూడు నాలుగు విడతలకే ఆపి తొలి జట్టును ఆగస్టులో బయటికి తీయండి. మిగతావి వచ్చే ఏడు జూన్ తర్వాతే.

ముందు మూడు రోజులు సీసాలను మూతతోనే షేడ్‌నెట్ కింద ఉంచండి. గోరువెచ్చని నీటిలో అగర్ పూర్తిగా కడగండి. చక్కెర ఉన్న ఆ అగర్ ఒక్క తునక మిగిలినా బూజు అక్కడే పుడుతుంది. లీటరుకు 1 గ్రా. కార్బెండజిమ్ నీటిలో ముంచి, రెండు వంతుల కడిగిన కోకోపీట్, ఒక వంతు పెర్లైట్ నింపిన ప్రోట్రేలో (గుంతలున్న నారు ట్రేలో) నాటండి. కోకోపీట్ కడగకపోతే అందులోని ఉప్పు లేత వేరును కాలుస్తుంది.

మొదటి వారం పాలిథిన్ సొరంగం పూర్తిగా మూసి, 75 శాతం షేడ్‌నెట్ కింద, తేమ 90 శాతం. రెండో వారం ఉదయం, సాయంత్రం అరగంట తెరవండి. మూడో వారం రాత్రంతా తెరిచి, నాలుగో వారం పాలిథిన్ తీసేయండి. ఎరువు కొత్త ఆకు వచ్చాకే, 19-19-19 లీటరుకు 1 గ్రాముకు మించకుండా. ఆకుల మీద తేమ ఉండాలి కానీ ట్రేలో నీరు నిలవకూడదు. చాలామంది వాడిన మొక్క చూడగానే నీళ్ళు పోస్తారు. కాండం మొదట్లో గోధుమ రంగు తిరిగి పడిపోతే అది దాహం కాదు, కుళ్ళు.

శ్రీగంధం పెంచేవారు గుర్తుంచుకోవాల్సింది: అది వేరే మొక్క వేళ్ళను పట్టుకుని బతికే చెట్టు. కుండీలోకి మార్చగానే పక్కన కంది మొక్కో పొన్నగంటి కూరో నాటకపోతే కొన్నాళ్ళకు పసుపెక్కి ఆగిపోతుంది.

అడవి నుంచి, పార్కు నుంచి కొమ్మ తెచ్చుకోవచ్చా?

కేబీఆర్ పార్కు జాతీయ ఉద్యానం. అక్కడ ఆకు కోయడం కూడా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. రిజర్వ్ ఫారెస్టుల్లో అటవీ శాఖ అనుమతి కావాలి. తిరుమల కొండల సైకస్ బెడ్డోమై అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందం సైటిస్ మొదటి అనుబంధంలో, ఎర్రచందనం రెండో అనుబంధంలో ఉన్నాయి, అంటే వీటి విదేశీ వ్యాపారంపై ఆంక్షలున్నాయి. పెద్దఎత్తున అమ్మాలనుకునే ల్యాబుల కోసం కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006 నుంచి టిష్యూ కల్చర్ మొక్కల ధ్రువీకరణ వ్యవస్థ నడుపుతోంది.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే కల్చర్లు ఏమవుతాయి?

సీసాల్లో ఉన్నవాటికి ఏమీ కాదు. కొత్తగా సబ్‌కల్చర్ చేసినవి నాలుగైదు వారాలు ఆగుతాయి. జనవరిలో ఏసీ అక్కర్లేదు. 16 గంటల వెలుగుకు ప్లగ్ టైమర్ పెట్టి వెళ్ళండి. వేసవి సెలవులకైతే కథ వేరు. కరెంటు పోయి గది 35 డిగ్రీలు దాటితే మూతల్లో నీరు కట్టి, మొక్కలు గాజుబారతాయి. అందుకే వెళ్ళేముందు లైట్లు సగం ఆర్పేయండి, ఎందుకంటే గదిలో వేడికి అవీ కారణమే. ప్రోట్రేల్లో ఉన్నవాటిని మాత్రం నమ్మి వదలలేం. ప్రయాణానికి నాలుగు వారాల ముందు నుంచి కొత్తగా ఏదీ బయటికి తీయకండి.